రాగి పలక మీద వార్నిష్

సంగవి ఫిజిక్సు చదివింది బడిలో పాఠం చెప్పడానికి. ఉద్యోగంలో చేరింది మాత్రం బాణసంచా తయారుచేసే చోట.

వాళ్ళది తమిళనాడు దక్షిణాన ఒట్టపిడారం అవతల నల్లరేగడి ఊరు. ఎన్నో తరాల కిందట తెలుగునేల నుంచి వచ్చి అక్కడ సేద్యంలో కుదురుకున్న కుటుంబాల్లో వాళ్ళదొకటి. ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం ఇంట్లో ఎవరికీ రాదు. తండ్రి గోవిందరాజ్ మిరప, పత్తి, మినుము వేస్తాడు. వాన పడిన ఏడు పండుతుంది, పడని ఏడు లేదు. అందుకే కూతురు నెలజీతం మీద బతకాలని పట్టుబట్టి కోవిల్‌పట్టిలో డిగ్రీ చదివించాడు, ఆపైన బి.ఎడ్. చేయించాడు. ప్రభుత్వ బడుల్లో చేరడానికి రాసే పరీక్ష మొదటిసారి పోయింది. రెండోసారి గట్టెక్కింది గాని పిలుపు రాలేదు. ఆ ఎదురుచూపుల్లో ఉండగా తెలిసినవాళ్ళెవరో చెప్పారు, విరుదునగర్‌కు ఇవతల ఒక బాణసంచా యూనిట్లో సేఫ్టీ సూపర్‌వైజరు కావాలట, సైన్సు చదివినవాళ్ళయితే మేలట అని. పిలుపు వచ్చేదాకా చేద్దామనుకుని చేరింది. చేరాక ఆ పని నచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

కోవిల్‌పట్టిలో గది తీసుకుని ఉండేది. గదిలో తోడు నిరోషా. కాలేజీలో ఒకే బెంచీ వాళ్ళిద్దరిదీ. నిరోషా విరుదునగర్‌లో ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబు చూసుకునే ఉద్యోగంలో ఉంది. ఇద్దరూ పొద్దున్నే ఒకే బస్సెక్కేవాళ్ళు. సాత్తూరు దాటాక సంగవి రోడ్డు మీద దిగి లోపలికి నడిచేది, నిరోషా ఊళ్ళోకి వెళ్ళేది.

యూనిట్ అంటే ఒకే పెద్ద కట్టడం కాదు. తుమ్మచెట్ల మధ్య దూరదూరంగా చిన్న చిన్న గదులు. ఒక గదికి నిప్పంటుకుంటే ఇంకో గదికి పాకకుండా అలా కడతారు. అన్నిటికంటే దూరాన, చుట్టూ మట్టికట్టతో, మందు కలిపే గది. అక్కడ పనిచేసేది ఒక్కడే. పేరు మూక్కన్. పొద్దెక్కకముందే పొడులు జల్లించి, కలిపి, కొంచెం కొంచెంగా బయటికి పంపుతాడు. చేతితో చేసే పని, చెయ్యి తొందరపడకూడని పని. మూక్కన్ మాట తక్కువ మనిషి. తొందరపడడం ఎవరూ చూడలేదు.

ఆ గది గుమ్మం పక్కన గోడకు ఒక రాగి పలక. రెండు అరచేతులు పరిచినంత ఉంటుంది. దాని వెనక బోల్టుకు బిగించిన తీగ గోడ వెంబడి దిగి, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గోతిలోకి పోతుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే చెప్పులు విడిచి, ఆ పలక మీద అరచెయ్యి ఆనించి, అప్పుడు లోపలికి అడుగుపెట్టాలి. ఒంట్లో చేరిన కరెంటు ఆ పలక గుండా నేలలోకి పోతుంది. ఒంట్లో కరెంటు ఏమిటని కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎండగాలిలో నైలాను చీర విప్పుతుంటే చిటపటలాడదా, ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఇనుప గొళ్ళెం ముట్టుకుంటే చురుక్కుమనదా అని సంగవి అడిగేది. అదీ ఇదీ ఒకటే. ఇంట్లో అయితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. మందుపొడి లేచిన గదిలో అదే చిన్న మెరుపు చాలు.

గుమ్మం దగ్గర కాపలా రంగమ్మాళ్‌ది. నరికుడి వైపు మనిషి, యాభై దాటింది. ఎవరి దగ్గరా ఫోను లేకుండా, అగ్గిపెట్టె లేకుండా, తలలో ఇనుప పిన్నులు లేకుండా, నూలుబట్ట తప్ప ఇంకోటి లేకుండా చూడడం ఆమె పని. సంగవి చేరిన కొత్తలో ఒకరోజు, గాలి మళ్ళీ మళ్ళీ తెచ్చిపోస్తున్న తుమ్మాకును ఊడుస్తూ రంగమ్మాళ్ గాలిని తిట్టుకుంటోంది. తెలుగులో. ఆ తిట్లు సంగవి వాళ్ళ నాయనమ్మ తిట్లే. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య తెలుగు, మిగతా అందరితో తమిళం. రంగమ్మాళ్ ఆమెను పాపా అనేది. సంగవి పెద్దమ్మా అనేది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో తనిఖీకి అధికారులు వస్తారని కబురొచ్చింది. ఓనరు అరవిందన్, తండ్రి పోయాక యూనిట్ చూసుకుంటున్న ముప్పై ఏళ్ళవాడు, గోడలకు సున్నం, తలుపులకు రంగు వేయించాడు. అధికారులు వచ్చి అంతా తిరిగి చూశారు. రాగి పలక అద్దంలా మెరుస్తుంటే వాళ్ళలో ఒకాయన, బాగా చూసుకుంటున్నారు అన్నాడు. సంగవి సంతోషించింది. ఆయన వెళ్ళాక రంగమ్మాళ్‌తో కూడా అంది, నువ్వు తోమే పలక మెరుపే మనకు మంచి పేరు తెచ్చిందని.

జూలై సగమై తమిళుల ఆడి నెల వచ్చింది. పడమటి గాలి పొడిగా, విడవకుండా కొట్టే రోజులు. అప్పుడే మూక్కన్ కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టింది. కట్టు కట్టించుకుని వచ్చి సంగవిని అడిగాడు, పుండు మానేదాకా లోపల రబ్బరు చెప్పులు వేసుకుంటానని. లోపల నేల మీద నల్లటి చాప పరిచి ఉంటుంది. కరెంటు పోయే రకం రబ్బరుతో చేసింది. ఉత్తకాళ్ళతో నిలబడితే దాని గుండా కూడా ఒంట్లోది నేలకు పోతుంది. చెప్పులు వేసుకుంటే ఆ దారి మూసుకుంటుంది. సంగవి కాసేపు ఆలోచించింది. దీపావళి సరుకు పని ముమ్మరంగా ఉంది, మూక్కన్ లేకపోతే అందరి పనీ ఆగుతుంది. పైగా గుమ్మం దగ్గర రాగి పలక ఉండనే ఉంది. రెండు దారుల్లో ఒకటి మిగిలింది కదా అనుకుని సరేనంది. పలకను మాత్రం మరవొద్దని గట్టిగా చెప్పింది.

మర్నాడు పొద్దున మూక్కన్ మందు గదిలోకి వెళ్ళిన కాసేపటికి లోపల భగ్గుమని తెల్లటి వెలుగు వచ్చింది. జల్లెడలో ఉన్న కొద్ది పొడే అంటుకుంది. ముందురోజు కలిపినదంతా అప్పటికే బయటికి పోయింది, ఆ పొద్దుటిది ఇంకా కలపలేదు. రంగమ్మాళ్ పరుగెత్తి వెళ్ళేసరికి మూక్కన్ గదికి అవతలివైపున్న రెండో గుమ్మంలోంచి తనే బయటికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. కనుబొమలు లేవు. రంగమ్మాళ్ తొట్టిలో నీళ్ళు చెంబుతో ముంచి, ఆపకుండా ఆ చేతి మీద పోస్తూ, బండి వచ్చేదాకా అలాగే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు. వేళ్ళు మునుపటిలా వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

యూనిట్ మూసి, గది కడిగించి, ఏం జరిగిందని అరవిందన్ విచారించడం మొదలుపెట్టాడు. ఎలక్ట్రీషియన్ అంతోణిని పిలిపించారు. అంతోణి మీటరు తీసి, ఒక తీగ పలక వెనక బోల్టుకు, ఇంకోటి గోతిలో కడ్డీకి పెట్టాడు. మీటరు కూత పెట్టింది. దారి తెగలేదు, ఎర్తు బ్రహ్మాండంగా ఉందన్నాడు. పలక బాగుంటే, మిగిలిన కారణం ఒకటే. మూక్కన్ పలక తాకకుండా లోపలికి వెళ్ళాడు.

అరవిందన్ సంగవి వైపు చూశాడు. సంగవి కూడా అదే అయి ఉంటుందని చెప్పింది. కాలినొప్పి మీద మరిచిపోయి ఉంటాడని కూడా అంది.

రంగమ్మాళ్ మాత్రం ఒప్పుకోలేదు. అందరూ వెళ్ళాక సంగవి పక్కన వచ్చి నిలబడింది.

"వాడు తాకినాడు పాపా. నేను గుమ్మంలోనే వుంటిని. చెయ్యి ఆనించి, తీసి, లోపలికి పోయినాడు. నా కండ్లతో చూసినాను."

ఆమె మూక్కన్ మీద జాలితో అంటోందనుకుంది సంగవి. ఊరుకో పెద్దమ్మా, నువ్వు చూసింది ముందురోజుదేమో అని సర్దిచెప్పింది. రంగమ్మాళ్ ఆ సాయంత్రం ఆమెతో పాటు బస్సు స్టాపుకు రాలేదు.

మర్నాడు సంగవి ఆసుపత్రికి వెళ్ళింది. మూక్కన్ చేతికంతా కట్టు. ఆమె అడగకముందే ఆయన తలుపు వైపు చూస్తూ తమిళంలో ఒక్క మాట అన్నాడు, తాకాను అని. తాకలేదని అందరూ అంటున్నట్టు అప్పటికే ఆయన చెవిన పడింది. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంగవికి అక్కడ ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాలేదు.

తిరుగు బస్సులో అంతా నిరోషాకు చెప్పింది. నిరోషా కిటికీలోంచి చూస్తూ వింది. మీటరు అబద్ధం చెప్పదు అంది సంగవి. మనుషులు ఇద్దరు ఒకే మాట చెబుతున్నారు, మీటరు ఒకటి చెబుతోంది, రెండూ నిజమయ్యే దారి ఏమైనా ఉందేమో చూద్దాం అంది నిరోషా. వాళ్ళ ల్యాబులో ఇంకో రకం మీటరు ఉంది. మనిషికి ముట్టించకుండా ఎదురుగా పట్టుకుంటే ఒంటి మీద ఎన్ని వోల్టులు ఉన్నాయో చూపిస్తుంది. సెలవు రోజు దాన్ని అడిగి తెస్తానంది.

ఆదివారం యూనిట్లో ఎవరూ లేరు, కాపలాకు రంగమ్మాళ్ తప్ప. అంతోణిని కూడా రమ్మన్నారు. మందు గది ఖాళీగా, కడిగి, ఆరి ఉంది. గాలి మాత్రం ఆ రోజు లాగే పొడిగా కొడుతోంది. నిరోషా రబ్బరు చెప్పులు వేసుకుని, నైలాను దుప్పటి పరిచిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్కసారిగా లేచింది. సంగవి మీటరు ఆమె ముందు పట్టుకుంది. అంకె వేలల్లోకి పోయింది.

నిరోషా వెళ్ళి పలక మీద అరచెయ్యి ఆనించింది. అంకె జారిపోయింది. దాదాపు సున్న దగ్గర ఆగింది. అంతోణి చేతులు కట్టుకుని, చెప్పాను కదా అన్నట్టు నిలబడ్డాడు. సంగవి కూడా మీటరు దించబోయింది.

నిరోషా చెయ్యి తీసింది. అంకె మళ్ళీ పైకి లేచింది. ముందున్న చోటికే, ఇంచుమించు.

మీటరు చెడిందనుకుని మళ్ళీ చేశారు. చెయ్యి ఆనిస్తే అంకె పడిపోతుంది, తీస్తే లేస్తుంది. అంతోణి తనే చెప్పులు వేసుకుని కుర్చీలో కూర్చుని లేచి చేశాడు. అంతే.

సంగవి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. డిగ్రీ రెండో ఏడు చదివిన పాఠమే ఇది, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. రెండు లోహపు రేకులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో కరెంటు పోనివ్వని పొర ఏదైనా ఉంచితే అది కెపాసిటర్. ఒక్కో వోల్టుకు అది ఎంత ఛార్జిని పట్టుకోగలదన్నది, అంటే దాని కెపాసిటెన్స్, మూడింటి మీదే ఆధారపడుతుంది. రేకులు ఒకదానికొకటి ఎంత మేర ఎదురుగా ఉన్నాయి, వాటి మధ్య దూరమెంత, ఆ మధ్యలో ఉన్నది ఏ పదార్థం. మేర పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. దూరం తగ్గినా పెరుగుతుంది. గాలికి బదులు ప్లాస్టిక్కో మైకానో పెడితే ఇంకా పెరుగుతుంది. ఎన్ని వోల్టులు పెట్టామన్నది దాన్ని మార్చదు. ఆ వాక్యం పుస్తకంలో గీత గీసి మరీ చదివింది.

ఛార్జి నేలలోకి పోయి ఉంటే తిరిగి రాదు. తిరిగి వచ్చిందంటే అది ఒంటి మీదే ఉంది, ఎక్కడికీ పోలేదు. చెయ్యి ఆనించినంతసేపు అంకె తగ్గిందంటే, ఉన్న ఛార్జి ఉన్నట్టే ఉండగా కెపాసిటెన్స్ ఒక్కసారిగా ఎక్కువైంది. అరచెయ్యి ఒక రేకు, రాగి ఇంకో రేకు. చెయ్యి తీస్తే దూరం పెరిగి కెపాసిటెన్స్ పడిపోయింది, వోల్టులు మళ్ళీ లేచాయి. కాని రాగిని నేరుగా తాకిన చేతికి, రాగికి మధ్య దూరం ఏముంటుంది? ఏమీ ఉండకూడదు. ఉందంటే, మధ్యలో ఏదో ఉంది. కంటికి కనిపించనంత పల్చగా ఉంది. అంత పల్చగా ఉండబట్టే కెపాసిటెన్స్ అంత పెద్దదైంది.

ఆమె లేచి వెళ్ళి అంతోణి దగ్గర బ్లేడు అడిగి, పలక మూలన గీసింది. బ్లేడు అంచున ఉల్లిపొరలా ఒకటి చుట్టుకుని లేచింది. గాజులా తేటగా ఉంది. ఆ పొరలోంచే రాగి అంతగా మెరిసింది. అంతోణి మీటరు తీసి, ఈసారి బోల్టుకు కాకుండా పలక ముఖానికి ఆనించాడు. కూత రాలేదు. గీసిన చోట ఆనిస్తే వచ్చింది. ఆయన ముఖం చిన్నబోయింది. తాను మొదటిసారి చూసింది వెనకవైపేనని తనే చెప్పాడు.

రంగమ్మాళ్ చీపురు పట్టుకుని అంతా చూస్తోంది.

"అది వార్నిష్ పాపా. నేనే పూయించినాను."

తలుపులకు రంగు వేసినప్పుడు జరిగింది. ఆ రాగిని వారం వారం చింతపండు పెట్టి తోమడం ఆమె పనే. తోమిన నాలుగు రోజులకే నల్లబడేది. పెయింటరు తలుపుకు వార్నిష్ పూస్తుంటే అడిగింది, దీనికీ ఒక పూత వేస్తే మెరుపు నిలుస్తుందా అని. నిలుస్తుందన్నాడు. ఒకటికి రెండు పూతలు వేశాడు. అధికారులు మెచ్చుకున్నారు, సంగవీ మెచ్చుకుంది. ఎవరికీ చెప్పాలని ఆమెకు తోచలేదు, దాచాలని కూడా అనుకోలేదు.

"దాని వల్లనేనా వాడి చెయ్యి కాలింది?" అని అడిగింది.

సంగవి మాటలు వెతుక్కుంది. తమిళంలో అయితే యూనిట్ పాఠాల్లో చెప్పే మాటలున్నాయి, ఇంగ్లీషులో పుస్తకం మాటలున్నాయి. ఇంటి తెలుగులో వోల్టుకు మాట లేదు, కెపాసిటెన్స్‌కు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. చివరికి నీళ్ళతో మొదలుపెట్టింది. ఒక చెంబెడు నీళ్ళు ఉన్నాయనుకో పెద్దమ్మా, చెంబులో ఉంటే అంచుదాకా ఎత్తున ఉంటాయి. అవే నీళ్ళు అండాలో పోస్తే అడుగున పల్చగా పడుంటాయి. నీళ్ళు తగ్గలేదు, ఎత్తు తగ్గింది. మనిషి ఒళ్ళు చెంబు. చెయ్యి ఈ పలక మీద ఆనితే, మధ్యలో నీ వార్నిష్ ఉండబట్టి, ఒళ్ళు అండా అయిపోతుంది. చెయ్యి తీస్తే మళ్ళీ చెంబు. లోపల ఉన్నది ఒక్క చుక్క కూడా ఒలికిపోలేదు. మూక్కన్ ఆ నిండు చెంబుతోనే లోపలికి పోయి జల్లెడ పట్టుకున్నాడు.

"వార్నిష్ లేకపోతే?"

"అండాకు అడుగున బెజ్జం వున్నట్టు. నీళ్ళంతా నేలకు పోతాయి."

రంగమ్మాళ్ పలక మీద వేలు రాసి చూసింది.

"అంత పల్చటి పూత. మందంగా వుంటే చెయ్యికి తెలిసుండును," అంది.

నిరోషాకు తెలుగు రాదు. బస్సులో అడిగింది, ఆమెకు ఏం చెప్పావని. సంగవి తమిళంలో మళ్ళీ చెప్పింది. చెబుతున్నప్పుడే ఆమెకు తోచింది, ఈ పాఠం ఇన్నేళ్ళూ తనకు సూత్రంగా వచ్చిందే తప్ప ఇలా ఎప్పుడూ కనబడలేదని.

సోమవారం పొద్దున అరవిందన్ గదిలోకి సంగవి ఒక్కతే వెళ్ళింది. మూక్కన్ పలక తాకాడని చెప్పింది. తాకినా లాభం లేకుండా పోయిందెందుకో మీటరు పెట్టి చూపించింది. చెప్పులు వేసుకోవడానికి ఒప్పుకున్నది తానేనని, వార్నిష్ లేకపోయినా అది తప్పేనని, రెండు రక్షణల్లో ఒకటి తీసేసేటప్పుడు రెండోది పనిచేస్తోందా అని చూడాల్సింది తానేనని కూడా చెప్పింది. అరవిందన్ అంతా విని, ఆ పూత ఎవరు వేయించారని అడిగాడు.

"ఎవరు వేయించినా, రోజూ దాన్ని చూసి బాగుందన్నది నేను," అంది సంగవి.

కాని రంగమ్మాళ్ అప్పటికే గుమ్మంలో ఉంది. నేనే వేయించాను అని తమిళంలో చెప్పి, చీర చెంగు చేతిలో నలుపుకుంటూ నిలబడింది. అరవిందన్ చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తడుతూ కూర్చున్నాడు. కోపిష్ఠి కాదు అతను. కాని భయపడ్డాడు, భయపడ్డవాడు ఏదో ఒకటి చేసినట్టు కనబడాలి. రంగమ్మాళ్‌ను కాపలా నుంచి తీసి అట్టపెట్టెలకు చీటీలు అంటించే షెడ్డుకు మార్చాడు. సంగవిని ఏమీ అనలేదు. ఆ సంగతే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. ఇద్దరి తప్పుకూ ఒక్కరినే పక్కకు నెట్టారని వెళ్ళి చెప్పింది కూడా. అరవిందన్, చదువుకున్న నిన్ను పంపేస్తే రేపు ఈ మీటరు ఎవరు చూస్తారు అన్నాడు. అది న్యాయమైన జవాబు కాదు. అతనికీ తెలుసు.

ఆ సాయంత్రమే సంగవి ఆసుపత్రికి వెళ్ళింది. ఎదురుగా నిలబడి, మీరు తాకారు, నేను నమ్మలేదు, తప్పు నాది అని చెప్పింది. మూక్కన్ కట్టున్న చేతిని పక్కకు జరిపి మంచం అంచున చోటిచ్చాడు.

"నువ్వు మొన్న వచ్చినప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతాను. వేరే ఏం చెప్పాలి?" అన్నాడు.

కాసేపటికి, పొడి తడిసిపోకుండా ఎవరు చూస్తున్నారని అడిగాడు. ఆయనకు ఆమె క్షమాపణ అక్కడితో అయిపోయింది. ఆమెకు అవడానికి చాలాకాలం పట్టింది.

యూనిట్లో పలకలన్నీ గీకించారు. ముఖం మీదే మీటరు పెట్టి రోజూ చూడాలని, బోల్టు దగ్గర కాదని సంగవి నియమం పెట్టింది. మనిషి చెయ్యి ఆనించి తీశాక కూడా ఒంటి మీద వోల్టులు చూడాలి, ఆనించి ఉండగా కాదు. కాలికి పుండు ఉన్నవాళ్ళు మానేదాకా మందు గది వైపు వెళ్ళకూడదు, ఎవరి పని ఆగినా సరే. ఈ చివరి నియమం మీద దీపావళి ముందు అరవిందన్‌కు, ఆమెకు గట్టిగానే మాటామాటా అయింది. ఆమె తగ్గలేదు.

మూక్కన్ వేళ్ళు రెండు పూర్తిగా వంగలేదు. జల్లెడ పని ఇంక కాదని తనే చెప్పాడు. దీపావళి పోయాక తిరిగి వస్తే, అరవిందన్ ఆయనకు ఇచ్చింది గుమ్మం కాపలా. రంగమ్మాళ్ చోటు. అది విన్నాక రంగమ్మాళ్ ఆ వారమంతా షెడ్డులో చీటీలు అంటిస్తూ సంగవి పలకరిస్తే తమిళంలోనే జవాబిచ్చింది.

మొదట్లో మూక్కన్, రంగమ్మాళ్ మాట్లాడుకోలేదు. ఆమె ఒకసారి కోవిల్‌పట్టి నుంచి వేరుశనగ మిఠాయి పొట్లం తెచ్చి ఆయన కూర్చునే బల్ల మీద పెట్టి వెళ్ళింది. మూక్కన్ దాన్ని విప్పి పనివాళ్ళందరికీ పంచి, తానూ ఒక ముక్క తిన్నాడు. ఆయన క్షమించాడో లేదో ఆ పంపకం చూసి ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత్తర్వాత ఆయన మనవరాలికి జ్వరమొస్తే రంగమ్మాళ్ వెళ్ళి చూసి వచ్చింది. అక్కడి నుంచి మాటలు మామూలుగానే సాగాయి. ఆమెకు పాత చోటు మాత్రం తిరిగి రాలేదు. షెడ్డులో నీడ బాగుందిలే పాపా అని ఒకరోజు తెలుగులో అంది. సంగవికి అప్పుడు కాస్త ఊపిరి ఆడింది.

టీచరు పరీక్ష మళ్ళీ వచ్చింది. గోవిందరాజ్ ఫోను చేసి గుర్తు చేశాడు. రాయడం లేదని ఈసారి ఇంట్లో చెప్పేసింది. ఆయనకు అర్థం కావడానికి రెండు మూడు ఫోన్లు పట్టింది.

ఈమధ్య చుట్టుపక్కల యూనిట్లవాళ్ళు కూడా సంగవిని పిలుస్తున్నారు, పనివాళ్ళకు చెప్పమని. రెండు డబ్బా మూతలు, మధ్యలో పెట్టడానికి ప్లాస్టిక్ షీట్లు, ఒక మీటరు సంచీలో వేసుకుని వెళుతుంది. మూతలు దగ్గర చేస్తే ఏమవుతుంది, జరిపి సగమే ఎదురుగా ఉంచితే ఏమవుతుంది, మధ్యలోది మారిస్తే ఏమవుతుందని వాళ్ళ చేతనే చేయించి అంకె చదివిస్తుంది. మొన్న కోవిల్‌పట్టి దగ్గర ఒక అగ్గిపెట్టెల యూనిట్లో ఇలాగే తమిళంలో చెబుతుంటే, వెనక వరసలో నలుగురైదుగురు ఆడవాళ్ళు తమలో తాము తెలుగులో గొణుక్కోవడం వినిపించింది. ఆమె మధ్యలో ఆపి ఇంటి తెలుగులోకి దిగింది. వాళ్ళు ముందు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అలాంటి మాటలు ఆ భాషలో ఎన్నడూ విన్నవాళ్ళు కారు. ఆ తర్వాత వరసగా ప్రశ్నలు వేశారు. మూతలు పెద్దవి తీసుకుంటే ఎంత పెరుగుతుంది, మధ్యలో తడిగుడ్డ పెడితే ఎందుకు మొత్తం పోతుంది, గర్భిణీ మనిషి ఒంట్లో ఎక్కువ పడుతుందా అని. ఆ ఆఖరిదానికి సంగవి తెలియదంది, కనుక్కుని చెబుతానంది. నాలుగున్నర బస్సు పోయింది. తర్వాతి బస్సు కోసం ఆ ఆడవాళ్ళతోనే రోడ్డు మీద నిలబడింది.